ఇరవై మూడు నవలల హైమవతి

ప్రభుత్వానికి ఒకరోజు ఉన్నట్టుండి దిగులు పుట్టింది. ప్రభుత్వానికి దిగులు పుట్టడం వింతేమీ కాదు గానీ, ఈసారి పుట్టింది సాహిత్యం గురించి. ఎవరో సర్వే చేసి తేల్చారట. యాభై దాటినవాళ్లను ఎవరిని కదిపినా "నేనూ ఒక పుస్తకం రాద్దామనుకున్నానండీ, ఇంటిపనులతో కుదరలేదు" అంటున్నారట. అంటే రాష్ట్రం మొత్తం మీద రాయకుండా మిగిలిపోయిన పుస్తకాలు లక్షల్లో ఉన్నాయన్నమాట. ఇంత సరుకు ఇళ్లలో మూలుగుతుంటే ఏలినవారు చేతులు కట్టుకుని కూర్చుంటారా?

అలా 'మలివయసు సృజన పథకం' పుట్టింది. యాభైకీ అరవై అయిదుకీ మధ్యనున్న లబ్ధిదారులందరూ ఏడాది తిరక్కుండా తలా ఒక పుస్తకం పూర్తి చెయ్యాలి. పథకమన్నాక శాఖ కావాలి, శాఖ అన్నాక సిబ్బంది కావాలి. కొత్తవాళ్లను తీసుకునే ఓపిక లేక, ఇళ్ల నిర్మాణం శాఖలో పని తగ్గి గోళ్లు గిల్లుకుంటున్న వారిని డెప్యుటేషన్ మీద తెచ్చి ఇందులో కూర్చోబెట్టారు. కట్టడం ఏదైనా కట్టడమే, ఇల్లయితేనేం, నవలయితేనేం అని పైవాళ్ల ఉద్దేశం.

ఆ పథకం వచ్చి వచ్చి మన హైమవతి ఇంటి గేటు తీసింది.

హైమవతికి యాభై ఎనిమిదేళ్లు. భర్త భీమశంకరం గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అత్తగారు మాణిక్యాంబ గారికి ఎనభై నాలుగు, చెవులు దివ్యంగా పనిచేస్తాయి, మోకాళ్లే మొరాయిస్తాయి. పిల్లలిద్దరూ పెళ్లిళ్లయి వాళ్ల ఊళ్లలో వాళ్లు ఉన్నారు. ముప్పై నాలుగేళ్లుగా హైమవతి ఒక నవల రాయాలనుకుంటోంది.

అనుకోవడంలో ఆవిడ ఎవరికీ తీసిపోదు. ఇరవై మూడేళ్లుగా ఏటా విజయదశమికి ఒక పొడుగాటి నోటుపుస్తకం కొంటోంది. నాలుగు మూలలకూ పసుపు పెడుతుంది. మొదటి పేజీ నెత్తిన 'శ్రీరామ' అని రాస్తుంది. అంతలో కుక్కరు కూస్తుంది. పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. ఒక ఏడు పిల్లల పరీక్షలు, ఒక ఏడు ఇంటికి సున్నాలు, ఒక ఏడు మూఢం, ఒక ఏడు అత్తగారి మోకాళ్లు. వేసవి వస్తే ఆవకాయలు, వానాకాలం వస్తే ఆరని బట్టలు. పనులు నిజమే, కాదనడానికి లేదు. కానీ ఒకసారి ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లి, రెండు పూటలు పూర్తిగా తన చేతికి చిక్కితే ఆవిడ చేసిందేమిటంటే, పప్పుల డబ్బాలన్నీ దింపి, కడిగి, ఆరబెట్టి, వాటికి కొత్త చీటీలు అంటించింది. 'మినప్పప్పు' అనే మాట అంత అందంగా రాసినవాళ్లు ఈ రాష్ట్రంలో మరొకరు ఉండరు. నవల మాత్రం 'శ్రీరామ' దగ్గరే ఉండిపోయింది.

అది రత్నం దొడ్డమ్మ కథ. దొడ్డమ్మ అంటే హైమవతి తల్లికి అక్క. పంతొమ్మిదేళ్లకే భర్త పోతే, పుట్టింట్లో ఒక మూల పడి ఉండమన్నారు. ఆవిడ ఆ మూల వాళ్లకే వదిలేసి, రేవు పట్నానికి రైలెక్కి, హార్బరు కూలీలకు భోజనాల మెస్సు పెట్టి ముప్పై ఏళ్లు నడిపింది. హైమవతి చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే. మధ్యాహ్నం వంటలయ్యాక సాయంత్రానికి కూరలు తరుగుతూ దొడ్డమ్మ తన బతుకంతా ఆ పిల్లకు చెప్పింది, ఇంకెవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ కథ తెలిసిన మనిషి హైమవతి ఒక్కతే. పోయిన నెల, మెస్సులో వడ్డన చేసే అతని పేరు ఆమెకు ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ రోజు ఆమెకు నిజంగా భయమేసింది. ఇవాళ పేరు పోయింది, రేపు ముఖం పోతుంది, ఎల్లుండి దొడ్డమ్మే పోతుంది, ఈసారి పూర్తిగా.

అందుకే పథకం సహాయ సంచాలకులు గోవర్ధనరావు గారు టాబ్ పట్టుకుని ఇంటికొస్తే, హైమవతి దేవుడే పంపాడనుకుని కుర్చీ వేసింది.

"లబ్ధిదారు తరఫున ఇంతవరకు ఏమైనా గ్రౌండింగ్ జరిగిందా మేడమ్?" అన్నాడాయన. నలభై అయిదేళ్ల మనిషి, చెమటలు తుడుచుకునే రుమాలు చేతిలో, టార్గెట్ల భయం కళ్లలో.

"అంటే ఏవిటండీ?"

"అంటే పని మొదలైందా అని."

హైమవతి సిగ్గుపడుతూ బీరువా తెరిచి నోటుపుస్తకాల దొంతర తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇరవై మూడు. గోవర్ధనరావు గారు ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నకొద్దీ ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది.

"మేడమ్! ఇవన్నీ మీవేనా?"

"నావేనండి. కానీ ఏం రాయలేదు, చూశారుగా..."

"పసుపు పెట్టారు. పైన దేవుడి పేరు రాశారు. మా భాషలో దీన్ని శంకుస్థాపన అంటారు మేడమ్. జిల్లా మొత్తంలో ఇప్పటివరకు గ్రౌండ్ అయినవి పంతొమ్మిది. మీ ఒక్క ఇంట్లో ఇరవై మూడు! మీలాంటి లబ్ధిదారు వీధికొకరుంటే నాకీ బీపీ వచ్చేదే కాదు."

"అయ్యా, నేను రాయాలనుకుంటున్నది ఒక్కటే నవలండీ. ఆ ఒక్కదాన్నే మళ్లీ మళ్లీ మొదలుపెట్టాను."

గోవర్ధనరావు గారు జాలిగా చూశాడు. "ఒక్క కట్టడానికి ఇరవై మూడు పునాదులు ఎవరైనా వేస్తారా మేడమ్? రికార్డు ఒప్పుకోదు. ఇవి ఇరవై మూడు నవలలు, అంతే."

వెంటనే ఫొటోలు మొదలయ్యాయి. ప్రతి నోటుపుస్తకం పక్కనా లబ్ధిదారు నిలబడాలి, లబ్ధిదారు కుడిచెయ్యి పునాది మీద ఉండాలి, వెనక సొంత ఇంటి గోడ కనబడాలి. ఇరవై మూడు సార్లు హైమవతి చెయ్యి పెట్టింది, ఇరవై మూడు సార్లు టాబ్ ఆమె ఏ అక్షాంశం మీద నిలబడి ఉందో రాసుకుంది. ఆ తరవాత ఆయన నోటుపుస్తకాలన్నిటికీ అడ్డంగా దారం కట్టి, ముడి మీద లక్క పోసి, సీలు గుద్దాడు.

"అదేవిటండీ! మరి నేను రాయడం ఎలా?"

"పునాది దశ ఫొటో పై కార్యాలయంలో ఆమోదం అయ్యేదాకా కట్టడం ముట్టుకోకూడదు మేడమ్. మధ్యలో ఒక్క అక్షరం పెరిగినా ఫొటోకీ పనికీ తేడా వచ్చేస్తుంది. మెమో నాకు వస్తుంది."

దశలు కూడా ఆయనే వివరించాడు. నలభై పేజీలైతే బేస్‌మెంట్ స్థాయి. నూరు పేజీలైతే లింటెల్ స్థాయి. కథ ముగిస్తే స్లాబు. ఆ వరస తప్పకూడదు. పథకం కింద ఒక బల్ల, ఒక కుర్చీ, గేటుకు తగిలించడానికి ఒక రేకు బోర్డు ఇచ్చారు. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు: 'ఈ గృహమునందు సృజన జరుగుచున్నది. శబ్దము చేయరాదు.' అది చూసి వీధిలో వాళ్లంతా లోపల ఏం జరుగుతోందో కనుక్కుందామని కాలింగ్ బెల్లు కొట్టడం మొదలుపెట్టారు.

"రాసుకోడానికి బోర్డెందుకే?" అన్నారు మాణిక్యాంబ గారు మంచం మీంచి. "మనూరి డాక్టరుకి కూడా అంత బోర్డు లేదు."

అసలు గొప్ప ఇంకా ముందుంది. అది పని బదిలీ ఉత్తర్వు. ఇంటిపనుల వల్లే కదా సృజన కుంటుపడింది? కాబట్టి లబ్ధిదారు ఇంటిపనులన్నీ ఆ ఇంట్లోనే ఉన్న మరొక వయోజనుడికి బదిలీ అవుతాయి. ఇకమీద లబ్ధిదారు వంటింట్లో కనబడితే పథకం రద్దు. మాణిక్యాంబ గారిని మోకాళ్ల రీత్యా మినహాయించారు. మిగిలిన వయోజనుడు భీమశంకరం గారు.

ఆయన ఎగిరిపడతారని హైమవతి అనుకుంది. ఎగరలేదు సరికదా, ఉత్తర్వు రెండుసార్లు చదువుకుని కళ్లజోడు సర్దుకున్నారు. రిటైరయ్యాక ఆయన పేరు మీద వచ్చిన మొదటి ఉత్తర్వు అది. "ఛార్జి ఎప్పుడు తీసుకోవాలి?" అని మాత్రం అడిగారు.

మర్నాడు పొద్దున్నే వంటింటి గుమ్మంలో ఫైలు తెరిచారు. హైమవతి కొత్త బల్ల ముందు కూర్చుని పెన్ను మూత తీసిందో లేదో, ఆయన కాగితం తెచ్చి ముందు పెట్టారు.

'విషయం: నేటి మధ్యాహ్నపు కూర. ఫ్రిజ్‌లో దొండకాయలు అరకిలో, బెండకాయలు పావుకిలో ఉన్నవి. దొండకాయలు నాలుగు రోజుల క్రితం వచ్చినందున సీనియారిటీ రీత్యా ముందుగా వండదగినవి. బెండకాయల ఆరోగ్య పరిస్థితి మాత్రం సంతృప్తికరంగా లేదు. తగు నిర్ణయం నిమిత్తం సమర్పించడమైనది.'

"బెండకాయ వండెయ్యండి," అంది హైమవతి.

"నోటితో చెబితే చెల్లదు హైమా. రాసి సంతకం పెట్టు."

రాసి సంతకం పెట్టింది. పది నిమిషాలకు మళ్లీ వచ్చారు. పోపులో ఆవాలు చిటపటమనాలని నిబంధన ఉందిగానీ ఎంతసేపు చిటపటమనాలో ఎక్కడా లేదట, వివరణ కావాలట. ఆ వివరణ ఇచ్చేలోపు వివరణ అవసరం లేని వాసన వంటింట్లోంచి వచ్చింది. మధ్యాహ్నం చాకలి వేసిన బట్టలు రంగుల వారీగా మడవాలా, మనుషుల వారీగా మడవాలా అని నోటు. మాణిక్యాంబ గారి నాలుగింటి కాఫీ కోసం పెట్టిన ప్రతిపాదన, చక్కెర ఎంత అన్నచోట ఖాళీ ఉందని వెనక్కెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, ఆరింటికి మంజూరైంది.

"ఒరే శంకరం," అన్నారా పెద్దావిడ చల్లారిన గ్లాసు పట్టుకుని, "మీ ఆఫీసులో కాలవలకి నీళ్లు కూడా ఇలాగే వదిలేవాడివట్రా?"

భీమశంకరం గారు ఫైలు మూసి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న సరైన మార్గంలో రాలేదు మరి.

ఇలా పది రోజులు గడిచాయి. ఆ పది రోజుల్లో హైమవతి రెండు వందల పైచిలుకు సంతకాలు పెట్టింది. ముప్పై నాలుగేళ్లు తను ఒంటిచేత్తో, ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా చేసిన పనికి ఇప్పుడు రోజుకి ఇరవై కాగితాలు ఖర్చవుతున్నాయి. పదకొండో రోజున ఆయన చేతికి పని అలవాటైంది. నోట్లు తగ్గాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బల్ల ఉంది, కుర్చీ ఉంది, పెన్ను ఉంది, తీరిక ఉంది.

నవల రాలేదు.

సీలు పడిన నోటుపుస్తకాలు ముట్టుకోకూడదు గనక, పాత క్యాలెండరు కాగితాలు చింపి వెనకవైపు తెల్లగా ఉన్నచోట రాద్దామని కూర్చుంది. ఒక్క వాక్యం లేదు. పెన్నులు వరసగా పేర్చింది, పొడుగు ప్రకారం. కాసేపు కిటికీ చూసింది. కిటికీ ఊచల మీద దుమ్ముంది, తుడవడానికి వీల్లేదు. ఇన్నేళ్లూ 'పనుల వల్ల కుదరలేదు' అని చెప్పుకుంటూ వచ్చింది. ఆ మాట కాస్తా ప్రభుత్వం వారు ఉత్తర్వు వేసి పట్టుకుపోయారు. ఇప్పుడు మిగిలింది తనూ, తెల్లకాగితమూ. రాస్తే బాగుండదేమో, దొడ్డమ్మకు తను చాలదేమో అన్న భయం పనుల వెనక ముప్పై నాలుగేళ్లు దాక్కుని, ఇవాళ బల్ల మీద కెక్కి కూర్చుంది. హైమవతికి ఏడుపొచ్చింది. ఏడవడానికైతే ఎవరి మంజూరూ అక్కర్లేదు గనక కాస్త ఏడ్చింది.

కళ్లు తుడుచుకుని అత్తగారి గదిలోకి వెళ్లేసరికి, ఆవిడ మంచం మీద చిక్కుడుకాయలు పోసుకుని కూర్చున్నారు. కొడుకు ఈనెలు తియ్యకుండానే వండేస్తున్నాడని, అవి తన పళ్లలో ఇరుక్కుంటున్నాయని, ఆయన కళ్లుగప్పి తెప్పించుకున్నారట. చేతులు వణికి ఆవిడకు ఈనె అందడం లేదు. హైమవతి ఏమీ అనుకోకుండా పక్కన కూర్చుని ఒక కాయ తుంచింది. ఈనె జర్రున వచ్చింది. ఇంకో కాయ తుంచింది.

"అప్పల్నరసయ్య!" అంది పైకే.

"ఎవడే వాడు?"

"దొడ్డమ్మ మెస్సులో వడ్డన చేసేవాడత్తయ్యా! ఎడంచేతికి ఆరు వేళ్లు. సాంబారు బకెట్టు ఆ చేత్తోనే పట్టుకునేవాడు."

చెయ్యి ఆడుతున్నకొద్దీ దొడ్డమ్మ మాట వినబడుతోంది. ఆ కథ ఆమె చెవిన పడ్డదే కూరలు తరుగుతుండగా. చేతులకు పని లేకపోతే అది పలకదు. ఈ సంగతి ఏ సర్వేవాళ్లకూ తెలియదు, హైమవతికే ఆ క్షణం దాకా తెలియదు.

"తలుపేసుకో," అన్నారు మాణిక్యాంబ గారు గొంతు తగ్గించి. "వాడు చూస్తే నోటు రాస్తాడు."

ఆ రోజు నుంచి అత్తాకోడళ్లిద్దరూ దొంగపనికి దిగారు. పొద్దున చిక్కుళ్లు, మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు, సాయంత్రం చింతపండులో గింజలు. అవన్నీ మంచం కింద. కాసేపు చేతిపని, కాసేపు రాత. వారం తిరిగేసరికి పదకొండు క్యాలెండరు కాగితాలు నిండాయి. వచ్చింది మాత్రం కథ మొదలు కాదు, చివర. దొడ్డమ్మ ఆఖరి రోజు. ఆవిడ పోయిన పూట కూలీలు వచ్చి బంతిలో కూర్చుని, వడ్డించమని ఎవరినీ అడగలేక, ఖాళీ ఆకుల ముందు అలాగే కూర్చుండిపోయిన సంగతి. అది రాసిన రోజు హైమవతికి అన్నం సయించలేదు. బాగా వచ్చిందని ఆమెకు తెలుసు.

సరిగ్గా ఆ మర్నాడే గోవర్ధనరావు గారు ఆకస్మిక తనిఖీకి వచ్చాడు.

బల్ల ఖాళీగా ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. చప్పుడు విని మూసిన తలుపు తోశాడు. లబ్ధిదారు నేల మీద చతికిలబడి, ఒళ్లో చేట, చేటలో బియ్యం. మంచం కింద చిక్కుడు ఈనెల గుట్ట. పక్కన క్యాలెండరు కాగితాలు.

"మేడమ్!" అన్నాడు, హత్య జరిగిన చోటికి వచ్చినవాడిలా. "పని చేస్తున్నారా?"

"నేనే చెయ్యమన్నానయ్యా," అన్నారు మాణిక్యాంబ గారు.

ఆయన వినలేదు. చేటకు ఫొటో తీశాడు. ఈనెలకు ఫొటో తీశాడు. కాగితాలు చేతిలోకి తీసుకుని చదవసాగాడు. చదువుతుండగా నడుమ ఒకచోట రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు కూడా. కానీ ఉద్యోగం ఉద్యోగమే కదా.

"ఇందులో మొదట్లోనే మనిషి పోయింది."

"అది చివరండీ. చివరే ముందొచ్చింది."

"బేస్‌మెంట్ ఏది? లింటెల్ ఏది? పునాది లేకుండా నేరుగా స్లాబు వేస్తారా మేడమ్? అదీ ఆమోదించిన స్థలంలో కాదు, క్యాలెండరు మీద! దీన్నేమంటారో తెలుసా? అనధికార కట్టడం."

ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ, లేనిపక్షంలో సదరు కట్టడాన్ని తొలగించాల్సి ఉంటుందనీ నోటీసు రాసి గేటు బోర్డుకే అంటించి వెళ్లాడు.

"తొలగించడమంటే?" అంది హైమవతి.

"చింపెయ్యడం," అన్నారు భీమశంకరం గారు. ఆయన నోటీసు కంటే ముందు ఆ పదకొండు కాగితాలూ తీసి చదువుతున్నారు. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో భార్య రాసింది ఆయన చదవడం ఇదే మొదలు, సరుకుల చీటీలు మినహాయిస్తే. చదవడం పూర్తయ్యాక కాగితాలన్నీ వరస తప్పకుండా సర్దారు. అటు తరవాత పథకం నిబంధనావళి బయటికి తీసి, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. ఆ పూట వంట ఎవరు చేశారన్న విషయం మీద ఏ కాగితమూ లేదు.

ఏడో రోజు ఇద్దరూ ఆఫీసుకు వెళ్లారు. అక్కడ గోవర్ధనరావు గారు పెళ్లి వారింట్లో లాగ హడావుడిగా ఉన్నాడు. ఆర్థిక సంవత్సరం ముగింపు వచ్చేసింది, జిల్లా అంతా కలిపి పూర్తయిన పుస్తకం ఒక్కటీ లేదు. ఈ కష్టం చూసి పై కార్యాలయం దయతో ఒక సర్క్యులర్ పంపింది. బల్ల ఇచ్చి, కుర్చీ ఇచ్చి, బోర్డు తగిలించి, పని బదిలీ చేసిన ప్రతి చోటా పుస్తకం పూర్తయినట్టే భావించవలెను.

"కంగ్రాట్స్ మేడమ్," అన్నాడాయన. "మీ ఇరవై మూడు నవలలూ పూర్తయ్యాయి. రాష్ట్రంలోనే మీరు ఫస్ట్. ఎల్లుండి సన్మానం. శాలువా నేనే స్వయంగా సెలెక్ట్ చేశాను."

"నేనేమీ రాయలేదండీ!"

"రాయడం మీ వ్యక్తిగత విషయం. పూర్తవడం మాది."

"మరి ఈ పదకొండు కాగితాలూ?"

ఆయన ముఖం వాడిపోయింది. "అదే మేడమ్ చిక్కు. రిజిస్టర్లో మీకు ఇరవై మూడు గళ్లే ఉన్నాయి. ఇప్పుడు ఇరవై నాలుగోది ఒకటి నిజంగా ఉందని తెలిస్తే, మరి మిగతావి చూపించమంటారు. మీ సన్మానం పోతుంది, నా ఇంక్రిమెంటు పోతుంది. నా మాట విని చింపెయ్యండి. చాలా బాగుంది, నేనే ఏడ్చాను. కానీ చింపెయ్యండి."

హైమవతికి ఒళ్లు మండిపోయింది. "లేని ఇరవై మూడింటికి శాలువా కప్పుతారు, ఉన్న ఒక్కదాన్ని చింపమంటారా? ఆవిడ్ని ఒక మూల కూర్చోమన్నవాళ్లు మీకంటే నయం కదండీ, కనీసం చంపుతామనలేదు!" అంది. ఎవరి గురించి అంటోందో ఆఫీసులో ఒక్కరికీ అర్థం కాకపోయినా అందరూ కలాలు ఆపి చూశారు.

భీమశంకరం గారు మెల్లిగా దగ్గి, నిబంధనావళి బల్ల మీద పెట్టారు. ఎర్ర గీత గీసిన చోట వేలు ఆనించారు.

"నాకు సాహిత్యం తెలీదు సార్. రూల్ తెలుసు. ఇరవై ఆరో నిబంధన, చివరి పేరా. 'ఇంటిపనిలో భాగంగా రాసిన కాగితములు ఈ పథకము పరిధిలోకి రావు.' అవునా? ఇవి రాసింది మా అమ్మ మంచం దగ్గర, చిక్కుడుకాయలు బాగుచేస్తుండగా. ఆ సంగతి మీ తనిఖీ నివేదికలో మీరే రాశారు, ఫొటోలతో సహా. పాత క్యాలెండరు మీద ఎవరైనా నవల రాస్తారా? సరుకుల చీటీ రాస్తారు. కాబట్టి ఇది ఇంటిపని. మీకు దీన్ని చింపే అధికారం లేదు, చదివే అధికారం కూడా లేదు."

గోవర్ధనరావు గారు ఆ పేరా మూడుసార్లు చదివాడు. మూడోసారికి ఆయన బీపీ దిగడం పైకే కనిపించింది. "అలా అయితే లబ్ధిదారు ఒక డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది," అన్నాడు. తనే టైపు చేయించి తెచ్చాడు. 'ఈ దిగువ సంతకము చేసిన నేను ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా, నా వద్దనున్న కాగితములు సాహిత్యము కావు. అవి కేవలము ఇంటిపనిలో భాగము.'

పెన్ను చేతికిచ్చారు. హైమవతి సంతకం పెట్టలేకపోయింది. ముప్పై నాలుగేళ్లుగా ఆవిడ బాధంతా అదే కదా. తన బతుకులో ఇంటిపని కానిది ఒక్కటైనా ఉండాలని. ఆ ఒక్కదాన్నీ ఇప్పుడు తన చేత్తోనే అంట్ల పక్కన పెట్టమంటున్నారు. భర్త వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తూ, "నాకింతకంటే దారి దొరకలేదే హైమా," అన్నారు.

పెట్టేసింది.

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. ఇరవై మూడు నవలల రచయిత్రి గురించి ముగ్గురు వక్తలు మాట్లాడారు. అందులో ఒకాయన, ఆమె మొదటి నవల కంటే పద్నాలుగో నవలలో శిల్పం పండిందని అన్నాడు. శాలువా కప్పారు. పథకం ముగిసింది గనక పని బదిలీ ఉత్తర్వు రద్దయి, మర్నాటి నుంచి ఇల్లు మళ్లీ హైమవతి చేతికొచ్చింది. భీమశంకరం గారు పద్ధతి ప్రకారం ఛార్జి అప్పగించారు గానీ, సాయంత్రం కాఫీ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. ఇప్పుడది నాలుగింటికే వస్తోంది.

ఆ మర్నాడు పొద్దున హైమవతి పాలు కాచింది. దోసెల పిండి కలిపింది. వంకాయలు తరుగుతూ తరుగుతూ, తడిచేతులు కొంగుకు తుడుచుకుని, క్యాలెండరు కాగితం తీసి ఒక పేజీ రాసింది. పోపు వేసి వచ్చి ఇంకో పేజీ రాసింది. బాగుంటుందా బాగుండదా అని ఆలోచన రాలేదు. పప్పు ఉడికిందా అని చూస్తాం గానీ, పప్పుకు మనం చాలుతామా అని ఎవరైనా దిగులుపడతారా? మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అప్పుడు తట్టింది ఆమెకు. నవల అయితే ముప్పై నాలుగేళ్లు వాయిదా పడింది. ఇంటిపని మాత్రం ఆ ఇంట్లో, జ్వరాల్లో కూడా, ఒక్క పూట వాయిదా పడలేదు.

దొడ్డమ్మ రైలెక్కింది. రేవు పట్నంలో దిగింది. మొదటిరోజు మెస్సుకు ముగ్గురే వచ్చారు, నాలుగో ఆకు ముందు తనే కూర్చుంది. అప్పల్నరసయ్య ఆరువేళ్ల చేత్తో బకెట్టు పట్టుకుని వచ్చాడు. క్యాలెండర్లు అయిపోతే భీమశంకరం గారు తన పాత నోట్ల వెనకవైపులు తెచ్చి ఇచ్చారు. దొండకాయల సీనియారిటీ వెనక దొడ్డమ్మ మెస్సుకు అద్దె ఇల్లు దొరికింది.

ఆషాఢం వెళ్లేసరికి రెండు వందల పేజీలు దాటాయి. ఒకనాటి పొద్దున గేటు చప్పుడైంది. గోవర్ధనరావు గారు కొత్త టాబ్‌తో, అదే రుమాలుతో నిలబడి ఉన్నాడు. పథకం రెండో విడత మొదలైందట. కిందటిసారి రాష్ట్రంలో ఫస్టు వచ్చిన లబ్ధిదారు దగ్గరే ప్రారంభించాలని పైనుంచి ఆదేశమట.

"ఏమైనా కొత్తగా రాస్తున్నారా మేడమ్?" అన్నాడు ఆశగా, ఆమె వేళ్లకు అంటిన సిరా వంక చూస్తూ.

హైమవతి గుమ్మంలోనే నిలబడింది, ఒక చేతిలో పెన్ను, ఇంకో చేతిలో చిక్కుడుకాయ.

"అయ్యో, నాకు రాయడానికి తీరికెక్కడిదండీ," అంది. "ఇంటిపనిలో ఉన్నాను, మళ్లీ రండి."

తలుపు వేసుకుని లోపలికెళ్లి, ఆపిన చోటు నుంచి మళ్లీ అందుకుంది.